మెదడు స్కాన్ తీస్తే తాగుడు వ్యసనం గురించి ఏం తెలుస్తుంది?

పద్మజ_కాకినాడ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి అడుగుతున్నాను. వయసు 36. సొంతంగా మెకానిక్ షెడ్డు ఉంది, పనిమంతుడు. ఈ మధ్య కొన్నేళ్లుగా తాగుడు బాగా ముదిరింది. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, కాస్త పడితే గానీ స్పానర్ పట్టుకోలేడు. మధ్యమధ్యలో మానేస్తాడు, మళ్ళీ మొదలు.

ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. నాన్న "వాడికి మనసు లేదు, ఉంటే రేపే మానేస్తాడు" అంటారు. మరదలు "అది జబ్బు మామయ్యా, ఆయన చేతిలో లేదు" అంటుంది. ఇద్దరి మధ్యా నేను నలుగుతున్నాను. ఈలోగా ఒక ప్రైవేటు సెంటర్ వాళ్ళు బ్రెయిన్ స్కాన్ తీస్తామన్నారు. మెదడులో ఏ భాగం పాడైందో రంగుల్లో చూపించి, దాన్నిబట్టి ట్రీట్‌మెంట్ ఇస్తారట. డబ్బు గట్టిగానే అడుగుతున్నారు. ఆ స్కాన్‌లో నిజంగా తెలుస్తుందా? మనిషికి నిగ్రహం ఉందో లేదో మెదడులో కనిపిస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.


న్యూరో_రవి · ఆదివారం రాత్రి 10:05

పద్మజ గారూ, నేను మెదడు ఇమేజింగ్ మీదే పీహెచ్‌డీ చేశాను. ముందు సూటిగా జవాబు: ఒక మనిషికి స్కాన్ తీసి "ఇతనికి వ్యసనం ఉంది" అనో, "నిగ్రహం ఇంత శాతం పోయింది" అనో చెప్పే పరీక్ష ఇప్పటికి లేదు. ఆ డబ్బు కట్టకండి. ఫిట్స్ వచ్చినా, తాగి పడి తలకి దెబ్బ తగిలినా, మతిమరుపు, తడబాటు కనిపించినా డాక్టర్లు ఎంఆర్‌ఐ రాస్తారు. అది వేరే సంగతి, అది తీయించాల్సిందే.

మరి పరిశోధనలో ఏం తేలింది? కాస్త పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఎంఆర్‌ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. ఎఫ్ఎంఆర్‌ఐ మెదడులో ఏ చోటికి రక్తం ఎక్కువగా పోతోందో చూపిస్తుంది, దాన్నిబట్టి అక్కడ నాడీకణాలు పనిలో ఉన్నాయని అనుకుంటాం. పెట్ స్కాన్‌లో అయితే రవ్వంత రేడియోధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో చూస్తారు. వ్యసనం గురించి మొదట గట్టి ఆధారాలు వచ్చింది ఈ పెట్ నుంచే.

మెక్సికోలో పుట్టిన నోరా వోల్కోవ్ అనే సైకియాట్రిస్టు 1980ల్లో అమెరికాలో కొకైన్ వాడేవాళ్ళకి పెట్ స్కాన్లు తీశారు. కొకైన్ వల్ల పెద్ద ప్రమాదం లేదని చాలామంది నమ్ముతున్న రోజులవి. ఆమె చూసిన మెదళ్ళలో అక్కడక్కడా రక్తప్రసరణ తగ్గిపోయి ఉంది. ఆ పేపరు 1988లో వచ్చింది. ఆ తర్వాత బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో ఆమె, సహచరులు కలిసి డోపమైన్ సంగతి పట్టుకున్నారు. డోపమైన్ అంటే కోరికతో, ఆనందంతో ముడిపడిన మెదడు రసాయనం. నాడీకణాల మీద దాన్ని అందుకునే డీ2 అనే రిసెప్టర్లు ఉంటాయి. వాటికే అతుక్కునే రాక్లోప్రైడ్ లాంటి పదార్థాన్ని ఎక్కిస్తే ఆ రిసెప్టర్లు ఎన్ని దొరుకుతున్నాయో లెక్క తెలుస్తుంది. 1993లో కొకైన్ వాడేవాళ్ళలో, 1996లో మద్యానికి బానిసైనవాళ్ళలో, స్ట్రయేటమ్ అనే లోపలి భాగంలో ఈ డీ2 తక్కువగా ఉన్నట్టు చూపించారు. కొకైన్ వాళ్ళలో ఇంకొకటి కూడా కనిపించింది. డీ2 ఎంత తక్కువ ఉంటే, కళ్ళకి కాస్త పైన నుదుటి వెనక ఉండే భాగం అంత మందకొడిగా పనిచేస్తోంది. ఏది ముఖ్యం, ఏది కాదు అని బేరీజు వేసే పని ఆ భాగానిదే. అంటే కోరిక పుట్టే చోటు, దాన్ని తూకం వేసే చోటు రెండూ కలిసే దెబ్బతిన్నాయి.

మీ మరదలి మాటకి బలం ఇక్కడి నుంచే వచ్చింది. వోల్కోవ్ 2003లో అమెరికా ప్రభుత్వపు మాదకద్రవ్యాల పరిశోధన సంస్థకి డైరెక్టర్ అయ్యాక "వ్యసనం మెదడు జబ్బు" అన్న మాట ప్రపంచమంతా పాకింది.


హన్మకొండ_సతీష్ · ఆదివారం రాత్రి 10:31

రవి అన్నా, నాకు ఈ మాట మింగుడు పడదు. మా బాపు కల్లు, సారా, బ్రాందీ అన్నీ తాగాడు. అమ్మ పుస్తెలు కుదువ పెట్టాడు. దవాఖానలో డాక్టరు లివర్ రిపోర్టు చూసి "ఇట్లనే తాగితే ఎక్కువ రోజులు ఉండవు" అన్నాడు. ఆ రోజు నుంచి ముట్టలేదు. మెదడు చెడిపోతే ఎట్లా మానేశాడు? ఇట్లా మానేసినవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. "మెదడు జబ్బు" అని బోర్డు తగిలిస్తే తాగేటోడికి అది సాకు అవుతుంది. "నా చేతిలో లేదు" అని ప్రయత్నం కూడా మానేస్తాడు. ఏళ్ల తరబడి భరించిన అమ్మలాంటి వాళ్ళకి మనం ఏం సమాధానం చెప్తాం?


కృష్ణవేణి_నర్సు · సోమవారం ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. డీ-అడిక్షన్ వార్డులో పని చేస్తాను.

పద్మజ గారూ, అన్నిటికన్నా ముందు ఒక మాట. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయన్నారు, తాగితే తగ్గుతోందన్నారు. అంటే శరీరం మద్యానికి పూర్తిగా అలవాటు పడిపోయింది. అలాంటి మనిషిని గదిలో పెట్టి తాళం వేసో, ఒట్టు వేయించుకునో ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మనిషి మతి తప్పి లేనివి కనబడుతున్నాయనీ, వినబడుతున్నాయనీ అనవచ్చు. ప్రాణం మీదకి వస్తుంది. ఆసుపత్రిలో మందులిస్తూ, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు చేస్తూ మాన్పించాలి. అప్పుడు ప్రమాదం చాలా తగ్గుతుంది.

సతీష్ గారూ, మీ బాపు గారు మానేశారంటే ఆయనకి చేతులెత్తి దణ్ణం పెడతాను. మానేసినవాళ్ళని రోజూ చూస్తాను కాబట్టే ఇంకా ఈ వార్డులో ఉన్నాను. కానీ మానలేనివాళ్ళలో ఏం జరుగుతోందో కూడా దగ్గరగా చూస్తాను. మా దగ్గర చికిత్స తీసుకున్న ఒక ఆటో డ్రైవరు ఫాలోఅప్‌కి వచ్చి చెప్పాడు: "సిస్టర్, వైన్ షాపు ముందు నుంచి పోవడం మానేశాను. పాత ఫ్రెండ్స్‌ని వదిలేశాను. కానీ స్టాండ్‌లో ఎవరో ప్లాస్టిక్ గ్లాసుల కట్ట విప్పారు. ఆ కవరు చిరిగిన చప్పుడుకి నోట్లో నీళ్ళూరాయి. చేతులు చల్లబడ్డాయి. తాగాలన్న ఆలోచన అప్పటికింకా రానేలేదు." అతను వెంటనే బండి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. నిలబడ్డాడు. కానీ ఆ చప్పుడుకి ఒళ్ళు ముందు స్పందించింది, మనసుకి తర్వాత తెలిసింది. దీని మీద కూడా స్కాన్ల పరిశోధన ఉందని ట్రైనింగ్‌లో విన్నాను. రవి గారు చెప్పగలరా?


న్యూరో_రవి · సోమవారం ఉదయం 8:47

చెబుతాను సిస్టర్. మీరు చెప్పిన సంఘటన, ఆన్ రోజ్ చైల్డ్రెస్ బృందం పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చేసిన ప్రయోగం, రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి. కొకైన్ చికిత్సలో ఉన్న 22 మంది మగవాళ్ళని ఎఫ్ఎంఆర్‌ఐలో పడుకోబెట్టి, కొకైన్‌కి సంబంధించిన బొమ్మలని 33 మిల్లీసెకన్ల పాటు చూపించి, వెంటనే ఇంకో బొమ్మతో కప్పేశారు. అంత తక్కువ సేపు చూపిస్తే ఏం చూశామో మనకే తెలియదు. అయినా భయం లాంటి ఉద్వేగాలకి స్పందించే ఎమిగ్డలా, స్ట్రయేటమ్ కింది భాగం లాంటి లోపలి చోట్లు స్పందించాయి. 2008లో వచ్చింది ఆ పేపరు. కోరిక ఆలోచన కన్నా ముందే బయలుదేరుతుందని స్కాన్ చూపించింది.

సతీష్ గారి అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు. శాస్త్రవేత్తల్లో కూడా ఆ మాట అనేవాళ్ళు ఉన్నారు. వ్యసనం అనేది మెదడు బాగా గట్టిగా నేర్చేసుకున్న అలవాటే గానీ జబ్బు కాదని వాదించే న్యూరోసైంటిస్టులు ఉన్నారు. "నా మెదడు ఇంతే" అని నమ్మితే మనిషి నీరుగారిపోతాడన్న భయం నాకూ ఉంది.


లెక్కల_మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 1:15

స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ స్కాన్ బొమ్మల గురించి అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది, అది రాస్తాను.

రవి గారు చెప్పిన ఫలితాలన్నీ సగటు ఫలితాలు. తాగే గుంపు సగటు ఇంత, తాగని గుంపు సగటు అంత. ఎ సెక్షన్ సగటు మార్కులు బి సెక్షన్ కన్నా ఎక్కువంటే, బి సెక్షన్ పిల్లలందరూ ఎ సెక్షన్ పిల్లల కన్నా వెనకబడ్డారని కాదు కదా! డీ2 లెక్కలూ అంతే. తాగనివాళ్ళలో తక్కువ ఉన్నవాళ్ళు ఉన్నారు, తాగేవాళ్ళలో ఎక్కువ ఉన్నవాళ్ళూ ఉన్నారు. రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. అందుకే ఒక్క మనిషి స్కాన్ చూసి అతని గురించి తీర్పు చెప్పడం కుదరదు.

ఇక ఆ ఎరుపు, పసుపు మచ్చలు. అవి మెదడు ఫోటోలు కావు. మెదడుని వేల చిన్న గడులుగా చేసి, ఒక్కో గడికీ లెక్క కట్టి, ఒక హద్దు దాటినవాటికి కంప్యూటర్ వేసిన రంగులు. అన్ని వేల గడుల్లో లెక్క కడితే కొన్ని ఊరికే హద్దు దాటేస్తాయి. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, అతని తోటివాళ్ళు ఈ సంగతి రుజువు చేయడానికి చచ్చిపోయిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టారు. మనుషుల ఫోటోలు చూపించి "ఈ మనిషి ఏ భావోద్వేగంలో ఉన్నాడు?" అని అడిగారు. తగిన సవరణలు చేయకుండా లెక్క కడితే చచ్చిన చేప మెదడులో కూడా ఎర్ర మచ్చ వచ్చింది. సవరణలు చేశాక మాయమైంది.

2020లో నేచర్ పత్రికలో వచ్చినది ఇంకా తీవ్రమైనది. జూదం లాంటి ఒక ఆట ఆడుతున్న 108 మంది స్కాన్లని 70 బృందాలకి ఇచ్చి, అవే తొమ్మిది ప్రశ్నలకి జవాబు కనుక్కోమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే పద్ధతిలో లెక్క కట్టలేదు, జవాబుల్లోనూ చాలా తేడాలొచ్చాయి. 2022లో స్కాట్ మారెక్ బృందం దాదాపు 50 వేలమంది స్కాన్లు చూసి, మెదడు తేడాలని స్వభావంతో ముడిపెట్టాలంటే వేలమంది కావాలని తేల్చింది. అలాంటి ప్రశ్నల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో చాలావాటిలో పాతికమందే ఉండేవారు.

కాబట్టి ఆ సెంటర్ వాళ్ళు చూపించే రంగుల బొమ్మకి డబ్బు పెట్టకండమ్మా.


హన్మకొండ_సతీష్ · సోమవారం మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మరి ఈ పరిశోధనలన్నీ ఉత్తవేనా?


న్యూరో_రవి · సోమవారం రాత్రి 9:30

ఉత్తవి కావు సతీష్ గారూ. మాస్టారు చెప్పిన ప్రతి మాటా నిజమే, మేము కూడా కొత్తగా చేరిన స్టూడెంట్లకి చేప కథ చెప్పే మొదలుపెడతాం. కానీ ఆ లెక్కల మీద ఆధారపడని ఆధారాలు కూడా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించింది ఇది.

అమెరికాలోని అయోవాలో ఒక పేషెంట్ ఉండేవాడు. పేపర్లో అతని పేరు ఎన్ అని మాత్రమే ఉంటుంది. పద్నాలుగో ఏట సిగరెట్ మొదలుపెట్టి రోజుకి రెండు పెట్టెలు దాటించాడు. మానాలన్న ఆలోచన కూడా లేదు. 28 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చి మెదడులో ఇన్సులా అనే భాగం దెబ్బతింది. ఆ రోజుతో సిగరెట్ పోయింది. కష్టపడి మానలేదు. కావాలన్న సంగతే తన శరీరం మరిచిపోయిందన్నాడు. అది చూసి నసీర్ నక్వీ, ఆంటోయిన్ బెషారా బృందం మెదడు దెబ్బతిన్న 69 మంది పొగతాగేవాళ్ళ రికార్డులు తీశారు. వాళ్ళలో 19 మందికి ఇన్సులా దెబ్బతింది. మిగతావాళ్ళతో పోలిస్తే, వాళ్ళలో ఇలా యావ లేకుండా తేలిగ్గా మానేసినవాళ్ళు చాలా ఎక్కువ. 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది.

ఇన్సులా పని ఏమిటంటే, గుండె దడ, కడుపులో తిప్పడం, గొంతు ఎండిపోవడం లాంటి ఒంటి కబుర్లని మనకి తెలిసేలా చేయడం. కృష్ణవేణి గారి ఆటో డ్రైవరుకి చేతులు చల్లబడ్డాయి, నోరూరింది అన్నారే, ఆ అనుభూతిని "నాకు అది కావాలి" అన్న కోరికగా మార్చే చోటు అదే కావచ్చు.

2022లో ఫిన్లాండ్‌లోని తుర్కు యూనివర్సిటీకి చెందిన యుహో యౌట్సా, బోస్టన్ వాళ్ళతో కలిసి, ఇలాంటి 129 మందిని పరిశీలించారు. వ్యసనం మాయమైన వాళ్ళ దెబ్బలు ఒకే చోట లేవు. కానీ అన్నీ ఒకే వలయానికి చెందినవి. ఒక బటన్ కాదు, కలిసి పనిచేసే భాగాల అల్లిక. దీన్ని చికిత్సకి వాడే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ భాగానికి, ఇన్సులాకి బయటి నుంచి అయస్కాంత తరంగాలు ఇచ్చే పద్ధతికి, సిగరెట్ మాన్పించడం కోసం, 2020లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 262 మంది మీద చేసిన పరీక్షలో, నిజం చికిత్స పొందినవాళ్ళలో 19.4 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్ళలో 8.7 శాతం మానేశారు. అద్భుతం కాదు. అయినా రెండింతల పైనే.


పద్మజ_కాకినాడ · సోమవారం రాత్రి 10:02

మీ అందరికీ చాలా థాంక్స్. స్కాన్ సంగతి వదిలేస్తున్నాం, నాన్నకి కూడా చెప్పాను. ఇంకొక్క సంగతి నన్ను తినేస్తోంది. మా తమ్ముడికి తొమ్మిదేళ్ల కొడుకు. మా తాతయ్య కూడా తాగేవాడు. తాగడం వల్ల మెదడు మారుతుందా, లేక మెదడు ముందే అలా ఉండబట్టి తాగుతారా? పిల్లవాడికి కూడా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.


అనిత_లండన్ · మంగళవారం ఉదయం 5:50

పద్మజ గారూ, చాలా కాలంగా తేలని ప్రశ్న అడిగారు. జవాబు రెండూ అనే. ఇప్పుడు దీని మీద మంచి ఆధారాలే ఉన్నాయి.

కేంబ్రిడ్జ్‌లో కారెన్ ఎర్షె బృందం తెలివైన పని చేసింది. కొకైన్ లాంటి ఉత్తేజక మత్తుమందులకి బానిసైన 50 మందిని, వాళ్ళకి స్వయానా అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో అయి ఉండి ఏ వ్యసనమూ లేనివాళ్ళని, వీళ్ళతో సంబంధం లేని ఇంకో 50 మందిని తీసుకున్నారు. స్క్రీన్ మీద బాణం రాగానే బటన్ నొక్కాలి, మధ్యలో "ఆగు" అన్న శబ్దం వస్తే ఎత్తిన వేలు ఆపేయాలి. వ్యసనపరులు ఆపడంలో వెనకబడ్డారు. ఆశ్చర్యం ఏమిటంటే వాళ్ళ తోబుట్టువులు కూడా వెనకబడ్డారు. మెదడు నిర్మాణంలో కొన్ని తేడాలు కూడా ఇద్దరిలోనూ ఒకేలా ఉన్నాయి. 2012లో వచ్చింది ఇది.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. ఆ తోబుట్టువులు పెరిగింది అదే ఇంట్లో, మెదడూ అలాంటిదే. అయినా వాళ్ళు వ్యసనంలో పడలేదు! ముప్పు ఉండడం వేరు, మునగడం వేరు. మీ మేనల్లుడి గురించి ఆలోచించేటప్పుడు ఈ మాట పట్టుకోండి.

మన దేశంలో కూడా దీని మీద పని జరిగింది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వివేక్ బెనెగల్ గారు, సహచరులు తండ్రికి మద్యం వ్యసనం ఉండి తాము మాత్రం ఇంకా మద్యం ముట్టని కుర్రాళ్ళకి ఎంఆర్‌ఐ తీసి 2007లో ప్రచురించారు. కొన్ని చోట్ల గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు గుమిగూడి ఉండే పదార్థం, తక్కువగా ఉంది. అమెరికాలో ఏబీసీడీ అనే పెద్ద అధ్యయనం 9, 10 ఏళ్ల పిల్లల్ని పట్టుకుని ఏళ్ల తరబడి స్కాన్లు తీస్తోంది. దాదాపు 12 వేలమంది. అందులో 9,804 మంది లెక్కలు 2024లో చూస్తే, తర్వాత మద్యమో సిగరెట్టో గంజాయో మొదలుపెట్టిన పిల్లల మెదడు తేడాల్లో చాలావరకు మొదలుపెట్టక ముందు నుంచే ఉన్నాయి. మాస్టారు అడిగిన "వేలమంది" ఇక్కడ ఉన్నారు.

మన తెలుగువాళ్ళకి దగ్గరి సంగతి ఇంకొకటి. మన దేశంలో సీ-వేదా అనే అధ్యయనం బ్రిటన్ వాళ్ళతో కలిసి నడిచింది. 6 నుంచి 23 ఏళ్ల వాళ్ళు తొమ్మిది వేలమంది, ఏడు కేంద్రాలు. అందులో ఒకటి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. చుట్టుపక్కల పల్లెల పిల్లలు అందులో ఉన్నారు. కొందరికి ఎంఆర్‌ఐ కూడా తీశారు. ఇన్నాళ్ళూ అమెరికా, యూరప్ మెదళ్ళు చూసే మనం మాట్లాడుకున్నాం. రాయలసీమ పల్లెల్లో పెరిగిన పిల్లల పేదరికం, తిండి, ఇంటి పరిస్థితులతో కలిపి చూడడం ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కర్లేదు.


హన్మకొండ_సతీష్ · మంగళవారం ఉదయం 9:05

అనితక్కా, నిగ్రహం అనేది చిన్నప్పుడే తేలిపోతుంది అని ఎక్కడో విన్నాను. ఆ మార్ష్‌మెలో మిఠాయి ముందు పెట్టి, తినకుండా ఆగితే ఇంకొకటి ఇస్తామని కూర్చోబెట్టే పరీక్ష. ఆగిన పిల్లలు జీవితంలో పైకొచ్చారని. మరి అదెంతవరకు నిజం?


లెక్కల_మాస్టారు · మంగళవారం ఉదయం 11:22

సగం నిజం బాబూ. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన పరీక్ష అది. ఆ పిల్లలే నలభయ్యో పడిలో పడ్డాక బి. జె. కేసీ బృందం 59 మందిని మళ్ళీ పిలిచింది. 26 మందికి ఎఫ్ఎంఆర్‌ఐ తీసింది. స్క్రీన్ మీద మొహాలు వస్తాయి, ఒక రకం మొహానికి బటన్ నొక్కాలి, ఇంకో రకానికి నొక్కకూడదు. మామూలు మొహాలతో తేడా పెద్దగా లేదు. నవ్వే మొహం దగ్గర చేతిని ఆపుకోవలసి వచ్చేసరికి, చిన్నప్పుడు ఆగలేనివాళ్ళు ఇప్పుడూ తడబడ్డారు. నిగ్రహం అనేది ఒంటరిగా ఉండే గుణం కాదు, మనసుని లాగే వస్తువు ఎదురుగా ఉన్నప్పుడే దాని బలం తెలుస్తుంది అని నాకు అర్థమైంది. 2011 నాటి పేపరు.

అయితే 26 మంది చిన్న సంఖ్య. పైగా 2018లో టైలర్ వాట్స్ బృందం ఇంకా ఎక్కువమంది పిల్లలతో, తొమ్మిది వందల పైచిలుకుతో, మిఠాయి పరీక్షని మళ్ళీ చూసింది. పిల్లల తర్వాతి చదువుతో సంబంధం మొదటి లెక్కలో సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులూ, తల్లి చదువూ లెక్కలోకి తీసుకుంటే ఇంకా తగ్గిపోయింది. రేపు దొరుకుతుందన్న నమ్మకం లేని ఇంట్లో పెరిగిన పిల్ల ఇవాళే తినేయడం తెలివితక్కువ కాదు. బడిలో ఇన్నేళ్ళు పిల్లల్ని చూసినవాడిగా చెబుతున్నాను, ఆ పిల్లని "నిగ్రహం లేనిది" అనడం అన్యాయం.


కృష్ణవేణి_నర్సు · మంగళవారం సాయంత్రం 4:10

మాస్టారూ, ఆ చివరి మాట చదివి కళ్ళు చెమర్చాయి. మా వార్డుకి వచ్చేవాళ్ళలో ఎంతమందికి బాల్యం సరిగ్గా లేదో.

రవి గారూ, నిగ్రహం నేర్పవచ్చా? మేము కౌన్సెలింగ్‌లో "యావ వచ్చినప్పుడు పావుగంట ఆగండి, తాగితే రేపు పొద్దున ఎలా ఉంటుందో కళ్ళ ముందు తెచ్చుకోండి, మీ పాప మొహం గుర్తు చేసుకోండి" అని చెబుతాం. దానికి మెదడులో ఆధారం ఏమైనా ఉందా?


న్యూరో_రవి · మంగళవారం రాత్రి 8:55

ఉంది సిస్టర్, ఈ రంగంలో నాకు బాగా ఇష్టమైన పేపర్లలో ఒకటి అదే. హెడీ కోబర్, కెవిన్ ఆక్స్‌నర్ 2010లో 21 మంది పొగతాగేవాళ్ళకి సిగరెట్ బొమ్మలు, నోరూరించే తిండి బొమ్మలు చూపించారు. కొన్నిసార్లు "ఇప్పుడు తాగితే ఎంత బాగుంటుందో ఆలోచించండి" అన్నారు. కొన్నిసార్లు "రోజూ తాగుతూ పోతే చివరికి ఏమవుతుందో ఆలోచించండి" అన్నారు. రెండోది చేసినప్పుడు కోరిక తగ్గిందని వాళ్ళే చెప్పారు. స్కాన్‌లో కణతల పైన ఉండే ప్రీఫ్రంటల్ భాగం ఎక్కువ పనిచేసింది, స్ట్రయేటమ్ కింది భాగం నెమ్మదించింది. వ్యసనం ఉన్నవాళ్ళే ఇది చేయగలిగారు. చెప్పినప్పుడు చేయగలిగారు! "నిగ్రహం పోయింది" అన్న మాట అందుకే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. యంత్రాంగం ఉంది. ఆ క్షణంలో దాన్ని పనిలోకి దించడమే కష్టం. మీరు కౌన్సెలింగ్‌లో చేస్తున్నది అదే.

ఇంకొకటి. మాథ్యూ లీబర్మన్ 2007లో చూపించారు: కోపంగానో భయంగానో ఉన్న మొహాలని ఊరికే చూడడం కన్నా, "ఇది కోపం", "ఇది భయం" అని పేరు పెట్టినప్పుడు ఎమిగ్డలా స్పందన తగ్గుతుంది. చాలామంది తాగేది సంతోషం కోసం కాదు, లోపలి దిగులు తట్టుకోలేక. మగవాళ్ళకి మన ఇళ్ళలో "నాకు భయంగా ఉంది" అనే అలవాటే ఉండదు. ఆ ఒక్క మాట పలకడం నేర్పినా మేలే.

అయితే నిగ్రహాన్ని వాడేకొద్దీ బ్యాటరీలా అయిపోతుందనే సిద్ధాంతాన్ని మాత్రం నమ్మకండి. 2016లో 23 ల్యాబులు, రెండు వేలమంది పైగా మనుషులతో మళ్ళీ చేసి చూస్తే ఏమీ తేలలేదు.


డల్లాస్_ప్రసాద్ · బుధవారం ఉదయం 7:30

ఇక్కడ ఉండి చాలా ఏళ్లు తాగినవాణ్ణి, మానేసి ఇప్పుడు బాగున్నవాణ్ణి. పద్మజ గారి తమ్ముడి కోసం రాస్తున్నాను.

మానేసిన మొదటి నెలల్లో ఏదీ రుచించదు. పిల్లల నవ్వు కూడా అందదు. నాకు మందు లేకుండా సంతోషం ఇక ఉండదేమో అనిపించేది. ఆ దశలోనే చాలామంది తిరిగి మొదలుపెడతారు. నాకు అప్పుడు మా డాక్టరు వోల్కోవ్ గారి 2001 పేపర్లోని బొమ్మలు చూపించింది. మెథ్ అనే మత్తుమందు వాడిన ఒక మనిషివి. మానేసిన నెలకి తీసిన స్కాన్‌లో డోపమైన్‌ని తిరిగి లోపలికి తీసుకునే ట్రాన్స్‌పోర్టర్లు బాగా తగ్గిపోయి ఉన్నాయి. 14 నెలలకి తీసిన దాంట్లో చాలావరకు తిరిగొచ్చాయి. నాది మెథ్ కాదు, మద్యం. అయినా "నీ మెదడు బాగుపడుతోంది, దానికి నెలలు పడుతుంది, నువ్వు చెడ్డవాడివి కావు" అన్న మాట నాకు ఊతం అయింది. మెదడు జబ్బు అన్న మాట నాకు సాకు కాలేదు సతీష్ గారూ. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టడానికి కారణం అయింది.


హన్మకొండ_సతీష్ · బుధవారం ఉదయం 8:15

ప్రసాద్ అన్నా, మంచి మాట చెప్పావు. మా బాపు కూడా మానేశాక ఏడాది దాకా ఎవరితో మాట్లాడలేదు. అమ్మ కోపం అనుకున్నది. ఇప్పుడు అర్థమవుతోంది. అయినా ఒకటి అడుగుతా: చుట్టూ ఉన్న పరిస్థితి మారకుండా మెదడు బాగుపడుతుందా? ఇంటి ముందే బెల్టు షాపు ఉంటే?


అనిత_లండన్ · బుధవారం ఉదయం 10:40

సతీష్, కోతుల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. 2002లో డ్రేక్ మోర్గన్, మైకేల్ నాడర్ బృందం 20 మగ కోతుల్ని మొదట ఒంటరిగా పెంచి పెట్ స్కాన్ తీసింది. తర్వాత నాలుగేసి చొప్పున ఒకచోట ఉంచింది. గుంపులో పెత్తనం దక్కిన కోతుల్లో డీ2 రిసెప్టర్లు పెరిగాయి. అణగిపడి ఉన్నవాటిలో పెరగలేదు. తర్వాత కొకైన్ అందుబాటులో పెడితే, అణగిపడినవే దానికి అలవాటు పడ్డాయి. మెదడు ముందే వేరుగా లేదు. గుంపులో దొరికిన స్థానమే మెదడుని మార్చింది.

మనుషుల్లో చూస్తే, వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో దాదాపు 20 శాతం మంది అక్కడ హెరాయిన్‌కి బానిసయ్యారని లీ రాబిన్స్ లెక్క తేల్చింది. ఇంటికి తిరిగొచ్చిన మొదటి ఏడాది వాళ్ళలో మళ్ళీ వ్యసనంలో పడింది 5 శాతమే. ఊరు మారింది, మనుషులు మారారు, సరుకు చేతికందే దూరంలో లేదు. బెల్టు షాపు ఎత్తేయమని మన ఆడవాళ్ళు చేసే ధర్నాలకి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.


పద్మజ_కాకినాడ · బుధవారం మధ్యాహ్నం 2:25

తమ్ముడితో మాట్లాడాను. అరవకుండా మాట్లాడడం ఇదే మొదటిసారి. ఆసుపత్రికి వస్తానన్నాడు. ఈలోగా మా పిన్ని ఒకావిడ దగ్గర్నుంచి మాత్రలు తెచ్చింది. తెలియకుండా కూరలో కలిపితే వాంతులై తాగుడు మీద అసహ్యం పుడుతుందట. కలపమంటారా?


కృష్ణవేణి_నర్సు · బుధవారం మధ్యాహ్నం 2:31

కలపకండి! ఆ మాత్రలు ఇప్పుడే తీసి పక్కన పెట్టేయండి. అది డైసల్ఫిరామ్ అనే మందు అయి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి మొహం కందిపోతుంది, వాంతులు, గుండె దడ, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణాలు పోయిన కేసులున్నాయి. మనిషికి తెలిసి, ఒప్పుకుని, తాగకుండా కనీసం 12 గంటలు దాటాక, డాక్టరు చెప్తేనే వేసుకోవాలి.

అతను వస్తానన్నాడు కదా, అదే పెద్ద సంగతి. మన దేశంలో మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స దాకా వస్తున్నారని 2019 జాతీయ సర్వే చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి. ఆఖరిసారి ఎప్పుడు తాగాడో, రోజుకి ఎంతో, ఇదివరకు ఫిట్స్ వచ్చాయేమో దాచకుండా చెప్పండి. లివర్, కిడ్నీ పరీక్షలు చేస్తారు. యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. ఎవరికి ఏది పడుతుందో ఆ పరీక్షల్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. వెళ్ళే దాకా మధ్యలో ఏదైనా అడగాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మీ మరదల్ని కూడా ఒకసారి మాట్లాడమనండి, ఆవిడకీ అవసరమే.


పద్మజ_కాకినాడ · బుధవారం మధ్యాహ్నం 2:50

మాత్రలు తీసి దాచేశాను సిస్టర్. శుక్రవారం ఓపీకి వెళ్తున్నాం. నాన్న కూడా వస్తానన్నారు. ఆ రోజు పొద్దున వణుకు ఎక్కువగా ఉంటే ఏం చేయాలి?


కృష్ణవేణి_నర్సు · బుధవారం మధ్యాహ్నం 2:58

ఓపీ దాకా ఆగకండి, ఎమర్జెన్సీకే తీసుకెళ్ళండి. వణుకుతో పాటు చెమటలు, కంగారు, మాట తడబడడం ఏది కనిపించినా అంతే. బండి మీద వద్దు, ఆటోలోనో కారులోనో ఇద్దరు పక్కన కూర్చుని తీసుకెళ్ళండి. తిన్నా తినకపోయినా నీళ్ళు తాగిస్తూ ఉండండి. పాత మందుల చీటీలు ఉంటే ఒక కవర్లో పెట్టుకోండి.